వెన్నుపాము నుంచి మెదడుకు వెళ్లే దారులను ఎలా కనిపెట్టారు?

డిసెక్షన్ హాల్లో వెన్నుపామును ఎంత జాగ్రత్తగా కోసి చూసినా పుస్తకంలో రంగురంగులుగా గీసిన ట్రాక్టులు (ఒకే పని చేసే నాడీ తంతువుల కట్టలు) ఒక్కటీ కనిపించలేదని, మరి వాటిని ఎవరు ఎలా చూశారని మీరు అడిగారు. కనిపించకపోవడం సహజమే. ఫార్మలిన్‌లో ఉంచిన వెన్నుపామును అడ్డంగా కోస్తే మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, దాని చుట్టూ తెల్లని పదార్థం మాత్రమే తెలుస్తాయి. ఆ తెలుపులో నొప్పిని మోసే తంతువులు ఎక్కడ ముగిసి స్పర్శను మోసేవి ఎక్కడ మొదలవుతాయో కంటికి అందదు.

ఆ హద్దులు చాలావరకు దెబ్బతిన్న నాడుల ద్వారానే తెలిశాయి. నరాన్ని తెంచితే కణదేహం (నాడీకణపు ప్రధాన భాగం) నుంచి విడిపోయిన భాగం శిథిలమవుతుందని 1850లో అగస్టస్ వాలర్ కప్పల మీద చూపించాడు. 1880ల్లో విట్టోరియో మార్కి, ఇలా శిథిలమవుతున్న మైలిన్ (నాడీ తంతువుల చుట్టూ ఉండే కొవ్వు పొర) మాత్రమే ఆస్మిక్ ఆమ్లంతో నల్లబడే పద్ధతిని రూపొందించాడు. దీంతో వెన్నుపాము ఒకచోట తెగినప్పుడు ఆ కోతకు పైన నల్లబడినవి మెదడు వైపు వెళ్లేవని, కింద నల్లబడినవి మెదడు నుంచి దిగేవని తేల్చడం సాధ్యమైంది. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే అందమైన తర్కం ఇదే, కానీ పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

నాకు ఈ దారులు నిజంగా అర్థమైంది హౌస్ సర్జన్‌గా న్యూరాలజీ వార్డులో పనిచేస్తున్నప్పుడు. సిరింగోమైలియా (వెన్నుపాము లోపల నీటి కుహరం ఏర్పడే జబ్బు) ఉన్న ఒకావిడ వేళ్ల మీద పాత కాలిన మచ్చలు ఉండేవి. పొయ్యి మీది గిన్నెను ఉత్తచేతులతో దించినా తనకు చురుక్కుమనదని ఆమె మామూలుగా చెప్పేది. కళ్లు మూసుకోమని దూదితో తాకితే ఎక్కడ తాకామో వెంటనే చెప్పేది, ట్యూనింగ్ ఫోర్క్ కాడను మణికట్టు ఎముక మీద ఆనిస్తే అదురు తెలుస్తోందనేది, గుండుసూదితో గుచ్చితే మాత్రం ఏదో తగిలిందనేదే గాని నొప్పి అనేది కాదు. నొప్పిని, వేడిని మోసే దారి వెన్నుపాములోకి ప్రవేశించిన ఒకటి రెండు సెగ్మెంట్లలోనే రెండో నాడీకణానికి మారి, మధ్యనున్న కాలువకు ముందువైపుగా అవతలి పక్కకు దాటుతుంది. ఆమె వెన్నుపాము నడుమ ఏర్పడిన నీటి కుహరం సరిగ్గా ఆ దాటే చోటును దెబ్బతీసింది. సన్నని స్పర్శ, అదురు మోసే తంతువులు వెనుక స్తంభాల్లో అదే పక్కన మెడుల్లా (మెదడు కింది కొస) దాకా వెళ్లి, అక్కడ కణం మారాకే దాటుతాయి కాబట్టి అవి క్షేమంగా ఉన్నాయి. ఆ పైన రెండు దారులూ మెదడు లోపలి థాలమస్ అనే కేంద్రంలో మరోసారి కణం మారి, సెరిబ్రల్ కార్టెక్స్‌లోని (మెదడు పై పొరలోని) పోస్ట్‌సెంట్రల్ గైరస్ అనే మడతకు చేరతాయి.

కాబట్టి ప్రతి ట్రాక్టుకూ రెండే ప్రశ్నలు వేసుకోండి: కణం ఎక్కడ మారుతోంది, దారి ఎక్కడ అవతలికి దాటుతోంది? ఆ తర్వాత వెన్నుపామును ఒక పక్క సగం కోసినట్లు ఊహించుకుని, కోతకు దిగువన ఏ పక్క ఏ అనుభూతి పోతుందో కాగితం మీద రాయండి. కోసిన పక్క అదురు, కీళ్ల స్థితిజ్ఞానం, ఎదుటి పక్క నొప్పి, వేడి అని వచ్చిందంటే వెన్నుపాము సగం తెగితే ఏమవుతుందో బ్రౌన్ సెకార్డ్ అనే వైద్యుడు వర్ణించిన చిత్రాన్నే మీరు చేరుకున్నట్లు. ఎమ్మారై ట్రాక్టోగ్రఫీలో కనిపించే రంగు గీతలను మాత్రం సాక్షాత్తు నాడులని అనుకోవద్దు; నీటి అణువులు ఏ దిశలో ఎక్కువగా కదులుతున్నాయో చూసి కంప్యూటర్ అంచనాతో గీసినవి అవి, సంకేతం పైకి వెళ్తోందో కిందికి వస్తోందో కూడా అవి చెప్పలేవు.