హైదరాబాద్‌లో సినిమా వాళ్లు ఎక్కడ ఎదురుపడతారు, ఎదురుపడితే ఎలా పలకరించాలి?

ప్రశ్న ఇదీ: హైదరాబాద్ వచ్చి ఏడాది దాటింది, ఒక్క నటుడూ కంటపడలేదు, స్నేహితుల ఫోన్లలో మాత్రం అందరితోనూ ఫోటోలున్నాయి. ఎక్కడ కనిపిస్తారు, కనిపిస్తే ఎలా అడగాలి?

మియాపూర్‌లో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం, శని ఆదివారాల్లో మాల్ అనేది మీ తిరుగుడైతే కనబడకపోవడమే మామూలు. ఏ వీధిలో తిరిగారన్నదానికన్నా ఏ వేళలో తిరిగారన్నదే ఇక్కడ ముఖ్యం. షూటింగ్ కాల్షీట్ సాధారణంగా ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. కొన్ని యూనిట్లు పొద్దున 6కే మొదలుపెట్టి మధ్యాహ్నం 2కి ప్యాకప్ చెబుతాయి. మేకప్‌కీ ప్రయాణానికీ కలిపి ముందు గంటా రెండు గంటలు పోతాయి. రామోజీ ఫిల్మ్ సిటీలో పనుంటే జూబ్లీహిల్స్ నుంచి ఊరు దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్లాలి కాబట్టి ఇంకా ముందే బయల్దేరాలి. అంటే మీరు రోడ్డు మీదున్న సమయంలో వాళ్లు ఏదో ఒక గేటు లోపల ఉంటారు. మీరు ఖాళీగా ఉండే ఆదివారం సాయంత్రం మాల్‌కి మాత్రం వాళ్లు కావాలనే రారు. షాపింగ్ చేస్తే మంగళవారమో బుధవారమో, షాపు తెరిచిన తొలి గంటలో చేస్తారు.

ముందు ఎవరి కోసం చూస్తున్నారో తేల్చుకోండి. పెద్ద హీరోలు నలుగురైదుగురి కోసమే కళ్లు కాచుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. తండ్రి పాత్రలు, పోలీసు పాత్రలు, హీరో స్నేహితుడి పాత్రలు వేసేవాళ్లు, కమెడియన్లు, సీరియల్ నటులు మాత్రం ఊళ్లో మనలాగే తిరుగుతుంటారు. కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ, శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల టీ కొట్లు, మందుల షాపులు, టిఫిన్ సెంటర్లు, కూరగాయల బళ్ల దగ్గర వాళ్లు కనిపిస్తారు. కృష్ణానగర్‌లో తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు గుమిగూడతారు, యూనిట్ బస్సులు వచ్చి ఎక్కించుకుపోతాయి. అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ ఉంది కాబట్టి ఆ వైపూ ఇదే సందడి. నన్నడిగితే మాట్లాడటానికి దొరికే నటులు వీళ్లే. హీరో దగ్గర మీకు దక్కేది పది సెకన్లు. ముప్పై ఏళ్లుగా నటిస్తున్న క్యారెక్టర్ ఆర్టిస్టు మాత్రం టీ గ్లాసు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడతాడు, అదీ మీరు ఆయన చేసిన ఒక పాత్ర పేరు సరిగ్గా చెప్పగలిగితే.

సినిమా వాళ్లంతా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ కొండల చుట్టే ఉండటానికి కారణం పాతది. ఒకప్పుడు తెలుగు సినిమా చెన్నైలో ఉండేది. తిరుపతి యాత్రకు వెళ్లిన బస్సులు అట్నుంచి అటే మద్రాసు పోయి, టి.నగర్ బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి. పరిశ్రమ ఇక్కడికి తరలుతున్న రోజుల్లో, 1970ల మధ్యలో, అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్ రాళ్ల గుట్టల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు. తరవాత రామానాయుడు స్టూడియోస్, ఫిల్మ్‌నగర్ కాలనీ, డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ గదులు అన్నీ ఆ చుట్టూనే పెరిగాయి. డబ్బింగ్‌కి వచ్చే నటుడికి మేకప్ ఉండదు, వెంట జనం ఉండరు, ఒక్కోసారి సొంతంగా కారు నడుపుకుంటూ వస్తాడు. అందుకే స్టూడియో గేటు ముందు పడిగాపులు పడటం కన్నా ఆ వీధుల్లో మీ పని మీరు చేసుకోవడమే మేలు. గేటు దగ్గర మీకు కనబడేది కారు అద్దమే.

రోడ్డు మీద షూటింగ్ జరుగుతోందని ముందే పసిగట్టొచ్చు. కరెంటు స్తంభాలకో చెట్లకో ప్రొడక్షన్ పేరుతో బాణం గుర్తున్న కాగితాలు కడతారు. ఆ వెంటే రోడ్డు పక్కన జనరేటర్ వ్యాన్, నటులు మేకప్‌కీ విశ్రాంతికీ వాడే క్యారవాన్లు, పెద్ద పెద్ద స్టీలు డబ్బాలతో భోజనాల బండి. రాత్రిపూటైతే క్రేన్ మీద ఎత్తుగా కట్టిన లైటు అర కిలోమీటరు దూరం నుంచే కనబడుతుంది. చాలామంది చేసే పొరపాటు కెమెరా దగ్గరికి పోవడం. అక్కడ ప్రొడక్షన్ బాయ్స్, బౌన్సర్లు తోసేస్తారు, పైగా ఫోన్ పైకెత్తితే గొడవే. నటుడు మామూలు మనిషిలా నడిచేది క్యారవాన్ నుంచి స్పాట్‌కి వెళ్లే ఆ కాస్త దూరమే, అయితే అప్పుడు డైలాగ్ తలలో తిప్పుకుంటూ ఉంటాడు కాబట్టి పలకరిస్తే పలకడు. షాట్ అయిపోయి లైటింగ్ మార్చేటప్పుడు ఇరవై నిమిషాలో అరగంటో ఖాళీ దొరుకుతుంది. అప్పుడు గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లను, నేరుగా కాకుండా ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగి, కలవొచ్చు. భోజనం వేళ అడగొద్దు. ప్యాకప్ చెప్పాక అసలే వద్దు, అప్పుడు అందరికీ ఇంటికి పోయే తొందర.

కేబీఆర్ పార్కు గురించి అందరూ చెబుతారు, అది నిజమే. నగరం నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల అడవి అది, 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. చుట్టుపక్కల బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వాళ్లంతా నడకకు వచ్చేది అక్కడికే. పొద్దున పార్కు తెరిచిన తొలి గంటలో వస్తే అవకాశం ఎక్కువ. కానీ నడుస్తున్న మనిషిని ఆపకండి. ఎదురుగా వస్తుంటే తల ఊపి నమస్తే చెప్పండి. ఆగితే మాట్లాడండి, ఆగకపోతే పోనివ్వండి. వెనక నుంచి వేగంగా నడుస్తూ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, ముఖ్యంగా నటీమణుల దగ్గరికి. 2021 నవంబర్‌లో ఈ పార్కు దగ్గర నడకకు వచ్చిన ఒక నటిపై దాడి చేసి ఫోన్ లాక్కుపోయిన ఘటన జరిగింది. ఆ భయం ఊరికే పోదు.

మామూలు జనానికి పెద్ద హీరోలు కూడా దొరికే చోటు ఒక్కటే, శంషాబాద్ విమానాశ్రయం. ముంబైకో చెన్నైకో కొచ్చికో వెళ్లక తప్పదు, సెక్యూరిటీ చెక్ తప్పించుకోలేరు. తెల్లవారుజామున, పొద్దున పూట వెళ్లే ముంబై విమానాలు ఎక్కేవాళ్లు చుట్టూ కాస్త గమనించండి. టోపీ, మాస్క్, హుడీ వేసుకుని ఎవరైనా తలవంచుకుని నడుస్తుంటే, పక్కనే రెండు చేతుల్లో రెండు బోర్డింగ్ పాసులు పట్టుకున్న కుర్రాడుంటే, ఆ కుర్రాడు అసిస్టెంట్. సెక్యూరిటీ చెక్ దగ్గర ఫోటోలు తీయనివ్వరు, అక్కడ ప్రయత్నిస్తే సీఐఎస్ఎఫ్ వాళ్లు ఫోన్ తీసుకుని డిలీట్ చేయిస్తారు. అది దాటాక లాంజ్‌లోకి పోతారు, గేటు దగ్గరికి చివరి నిమిషంలో వస్తారు. విమానంలో ముందు వరసల్లో కూర్చుంటారు కాబట్టి మీరు లోపలికి వెళ్తున్నప్పుడే కనబడతారు. అప్పుడు వెనక వంద మంది నిలబడి ఉంటారు, అక్కడ ఆగొద్దు. దిగాక బ్యాగేజీ బెల్టు దగ్గర బ్యాగ్ కోసం చూస్తూ నిలబడతారే, అదే సరైన సమయం. ఇద్దరికీ చేసే పనేమీ ఉండదు.

థియేటర్ల సంగతి వేరు. సినిమా విడుదలైనప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో జనం స్పందన చూడటానికి హీరోలు, దర్శకులు రావడం పాత అలవాటు. లైట్లు ఆర్పాక బాల్కనీ వెనక వరసలోకి వచ్చి, చివర్లో పేర్లు పడకముందే వెళ్లిపోతారు. హీరో వస్తున్నాడని ముందే ప్రచారమైన షోకి మాత్రం పిల్లలతో వెళ్లకండి. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్‌లో ప్రీమియర్‌కి హీరో వచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. పాత థియేటర్ల గేట్లు ఇరుకు. ముందున్నవాళ్లు ఆగిపోయారని వెనకున్నవాళ్లకు తెలియదు, తోస్తూనే ఉంటారు. ఛాతీకి ముందు చేతులు మడిచిపెట్టుకుని, గోడ వైపు కాకుండా ఖాళీ ఉన్న వైపు ఏటవాలుగా కదలడం తప్ప అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు. కింద పడిన ఫోన్ కోసం, చెప్పు కోసం వంగితే లేవలేరు.

జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి, ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం కూడా గుర్తుపెట్టుకోండి. విడుదలకు ముందు, ముహూర్తానికి ముందు పూజలకు వస్తారు. ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలు పెట్టరు కాబట్టి ఆ నెలల్లో సందడి తక్కువ. శ్రావణం, దసరా, ఉగాది ముందూ వెనకా స్టూడియోల్లో కొబ్బరికాయలు కొట్టని రోజుండదు. ఎన్నికల రోజు జూబ్లీ క్లబ్, ఓబుల్ రెడ్డి స్కూల్ పోలింగ్ కేంద్రాల్లో పొద్దున 7కే క్యూలో నిలబడతారు. కాకపోతే అక్కడ ఓటున్నవాళ్లకే ఆ భాగ్యం.

ఇక అడగడం గురించి. ముందు మనిషి ఎవరో ఖాయం చేసుకోండి. ఒకరనుకుని ఇంకొకరి పేరుతో పిలిస్తే ఆ తర్వాత ఎంత సర్దుకున్నా ఫలితం ఉండదు. మూడు నాలుగడుగుల దూరంలో, పక్క నుంచి కాకుండా ఎదురుగా ఆగండి. మగవాళ్లను "సర్" అనో పేరుకు గారు చేర్చో, ఆడవాళ్లను "మేడమ్" అనో పిలిస్తే ఎవరూ తప్పు పట్టరు. అభిమానులు "అన్నా" అంటారు, అది గుంపులో నడుస్తుంది, ఒంటరిగా ఎదురుపడినప్పుడు కాస్త చనువెక్కువ. కమెడియన్లను పాత్ర పేరుతో పిలవడం, "ఆ డైలాగ్ ఒక్కసారి చెప్పండి" అనడం మానుకోండి. రోజుకు పదిమంది అదే అడుగుతారు. "నమస్తే సర్, మీరు ఫలానా సినిమాలో చేసిన లాయర్ పాత్ర మా ఇంట్లో అందరికీ ఇష్టం, ఇబ్బంది లేకపోతే ఒక్క ఫోటో" అంటే చాలు. "మీకు పెద్ద ఫ్యాన్‌ని" అని మొదలుపెట్టి సినిమా పేరు చెప్పలేకపోతే ముఖం మారిపోతుంది. పక్కన పిల్లలుంటే ఫోటో అడగొద్దు, నమస్తే చాలు. హోటల్లో తింటుంటే చెయ్యి కడుక్కుని లేచేదాకా ఆగండి.

సరే అన్నాక ఎక్కువమంది పాడుచేసుకునేది ఫోటోనే. దగ్గరికి వెళ్లకముందే ఫోన్ లాక్ తీసి, ఫ్రంట్ కెమెరా తెరిచి, లెన్స్ చొక్కాకి తుడిచి పెట్టుకోండి. ఫోన్‌లో జాగా నిండిపోయిందన్న సందేశం వచ్చేది సరిగ్గా అప్పుడే, ఒక పాత వీడియో ముందే తీసేయండి. విమానాశ్రయంలో, హోటల్ లాబీల్లో పెద్ద పెద్ద అద్దాల గోడలుంటాయి. వాటికి వీపు పెట్టి నిలబడితే రెండు ముఖాలూ నల్లగా వస్తాయి, కాబట్టి అద్దం మీ ముందుండేలా తిరగండి. నెత్తిన నేరుగా లైటు పడే చోట కళ్ల కింద నీడలు పడతాయి, ఒకడుగు వెనక్కి జరిగితే పోతాయి. ఫ్లాష్ వద్దు. భుజం మీద చెయ్యి వేయొద్దు. వరసగా మూడు నాలుగు తీసి థ్యాంక్స్ చెప్పి పక్కకు జరగండి, ఎలా వచ్చిందో చూసుకుని మళ్లీ అడగడం బాగుండదు. అసిస్టెంట్ "నేను తీస్తా ఇవ్వండి" అంటే ఇచ్చేయండి, వాళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది.

వద్దంటే పొగరు అనుకోకండి. చాలాసార్లు కారణం జుట్టూ గడ్డమూ. కొత్త సినిమా లుక్ నిర్మాత విడుదల చేసేదాకా బయటపడకూడదన్న షరతు ఉంటుంది, అందుకే ఏసీ గదిలోనూ టోపీ తీయరు. సెట్లో మేకప్‌తో ఉన్నప్పుడు దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం కంటిన్యుటీ: నుదుటి మీద గాయం గుర్తు చెరిగినా, చొక్కా మీద మరక పడినా ముందు తీసిన షాట్‌తో కలవదు. ఒకరితో దిగితే పక్కనున్న ఇరవై మందీ వస్తారన్న భయం ఇంకోటి. అందుకే జనం లేని చోట ఒప్పుకున్న మనిషే జనంలో ఒప్పుకోడు.

సిగ్నల్ దగ్గర కారు అద్దం కొట్టడం, బైక్ మీద వీడియో తీస్తూ వెంటపడటం ప్రమాదం, ఆ పని చేయకండి. మహాప్రస్థానం శ్మశానవాటికలో, ఫిల్మ్ చాంబర్‌లో భౌతికకాయం దగ్గర సెల్ఫీ అడిగేవాళ్లను చూస్తే అసహ్యం వేస్తుంది, అంతకన్నా చెప్పను. తీసుకున్న ఫోటో వాళ్లు ఆ చోటు వదిలి వెళ్లాకే పెట్టండి, చోటు పేరు లేకుండా పెడితే ఇంకా మంచిది. వాళ్లు అక్కడ ఉండగానే పెడితే పావుగంటలో జనం చేరిపోతారు. ప్రీ-రిలీజ్ వేడుకల పాసులు అభిమాన సంఘాల ద్వారా, నిర్మాణ సంస్థల ద్వారా వస్తాయి. "హీరోని కలిపిస్తా, మేనేజర్ తెలుసు, అడ్వాన్స్ పంపండి" అని వాట్సాప్‌లో ఎవరైనా అంటే అది మోసం, ఒక్క రూపాయి కూడా పంపొద్దు.