హైమ్‌డాల్ కథ రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. నార్స్ పురాణాల్లో, అంటే ప్రాచీన స్కాండినేవియా పురాణాల్లో, దేవతల కావలివాడైన హైమ్‌డాల్‌ను కథానాయకుణ్ణి చేసుకున్నందుకు సంతోషించాను. అయితే కథలో అధికభాగం రాగ్నరోక్ అనే ప్రళయయుద్ధానికే పోయింది. ఆ యుద్ధంలో అతడూ, లోకి అనే మాయావీ ఒకరి చేతిలో ఒకరు హతమవుతారన్నది నిజమే కాని, అది అతడి చివరి రోజు. అంతకు ముందంతా అతడు చేసింది కాపలా, నీ కథకు అసలు చోటు కూడా అక్కడే ఉంది.

1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ కూర్చిన ఎడ్డా అనే పురాణగ్రంథాన్ని మళ్లీ తెరిచి చూడు. దేవలోకానికి దారి అయిన బైఫ్రోస్ట్ వంతెన కొసన, ఆకాశపు అంచున కూర్చుని, కొండరాక్షసులు ఇవతలికి రాకుండా కాచే ఆ దేవుడికి పక్షికన్నా తక్కువ నిద్ర చాలునని, పగలైనా రాత్రైనా నూరామడల మేర చూపు ఆనుతుందని, నేల మీద గడ్డి మొలిచే చప్పుడే కాక గొర్రె ఒంటి మీద ఉన్ని పెరిగే చప్పుడు కూడా వినిపిస్తుందని అందులో ఉంది. ఆ ఉన్ని దగ్గర కాసేపు ఆగు. ఉన్ని నేసి, కట్టుకుని, పరదేశాలకు అమ్ముకుని బతికిన జనం చేసిన ఊహ అది. నువ్వు దాన్ని వదిలేసి, "అద్భుతమైన వినికిడి శక్తి" అని రాసి ముందుకు సాగిపోయావు.

అంతటి వినికిడి ఉన్నవాడికి నిశ్శబ్దమంటూ ఉంటుందా? లోకసెన్న అనే ప్రాచీన గీతంలో లోకి అతణ్ణి ఎత్తిపొడుస్తూ, తడిసిన వీపుతో ఎప్పటికీ మేలుకుని కావలి కాయడమే నీ రాత అంటాడు. శత్రువు నోట వచ్చిన ఆ మాటలో అతడి కష్టమంతా ఉంది.

జయవిజయుల పోలిక తీసేయి. వాళ్ల కథను నడిపించేది శాపమూ విమోచనమూ, ఇతడికి ఆ రెండూ లేవు. తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లకు పుట్టిన కొడుకునని అతడే చెప్పుకునే గీతంలో మనకు దక్కింది రెండు పాదాలే కనుక, నువ్వు కల్పించిన బాల్యం కూడా అక్కర్లేదు. ఆ రెండు పాదాలనే ఒక్కసారి అతడి చేత పలికించు.

ఇక గ్యాలర్‌హార్న్ అనే ఆ కొమ్ము. దేవతలను మేల్కొలపడానికి రాగ్నరోక్ నాడు దాన్ని ఊదుతాడు. ఆ ఘట్టాన్ని చివరి పేరాకు ఆపి, యుద్ధాన్ని పూర్తిగా వదిలి, తిరగరాసి పంపు.