రేసింగ్ గేమ్‌లో కారు జారడం చేతికి తెలియట్లేదా? ముందు గెయిన్ చూడండి

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్‌తో (టైర్ల మీది బలాలను మోటారుతో చేతికి తెలియజేసే గేమ్ స్టీరింగ్‌తో) ఆడుతుంటే, వెనక చక్రాలు జారాయని తెలిసేలోపే కారు తిరిగిపోతోంది, ఎలాగోలా ఆపినా రెండోవైపు విసిరేస్తోంది అన్నారు కదా. ఇవి రెండు వేరే సమస్యలండీ.

మొదటిది చాలావరకు సెట్టింగులదే. గెయిన్ (ఫీడ్‌బ్యాక్ మొత్తం బలాన్ని పెంచే, తగ్గించే సెట్టింగు) మరీ ఎక్కువైతే క్లిప్పింగ్ వస్తుంది. అంటే వీల్ మోటారు గరిష్ఠ బలం దగ్గరే ఉండిపోతుంది, ఆపైన వచ్చే మార్పులేవీ చేతికి అందవు. గేమ్‌లో ఫోర్స్ మీటర్ (వీల్‌కు వెళ్లే బలాన్ని చూపేది) ఆన్ చేసి, వేగంగా తీసుకునే పొడవాటి మలుపులో అది 100 శాతానికి అతుక్కోకుండా ఉండేదాకా గెయిన్ తగ్గించండి. వీల్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో సెంటరింగ్ స్ప్రింగ్ (వీల్‌ను ఎప్పుడూ మధ్యకు లాగేది) సున్నా చేయండి. డ్యాంపర్ (వీల్ తిరగడాన్ని బరువుగా చేసేది) కూడా బాగా తగ్గించండి. డైరెక్ట్ డ్రైవ్ (మోటారుకే నేరుగా బిగించిన వీల్) అయితే, నేరుగా వెళ్తున్నప్పుడు వీల్ ఊగకుండా ఉండేంత మాత్రం ఉంచండి.

స్టీరింగ్‌లో తెలిసేది ప్రధానంగా ముందు టైర్ల సంగతే. అవి పట్టు కోల్పోబోతుంటే వీల్ తేలికవుతుంది. వెనక జారితే మాత్రం వీల్ తనంతట తానే కౌంటర్ స్టీర్ వైపు, అంటే కారు వెనక భాగం జారుతున్న వైపుకు, లాగుతుంది. మీరు ఎదురుచూడాల్సింది ఆ లాగుడి కోసమే. బిగించి పట్టుకుంటే అది మీ చేతుల్లోనే చచ్చిపోతుంది. పట్టు వదులు చేసి, దాన్ని తిరగనివ్వండి.

రెండోవైపు విసిరేయడం వీల్‌ను ఆలస్యంగా వెనక్కి తేవడం వల్ల. జారుడు ఆగాక కాదు, తగ్గడం మొదలవగానే వీల్‌ను మధ్యకు తెచ్చేయాలి. థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఒక్కసారిగా వదలకండి, బరువు ముందుకెళ్లి వెనక టైర్ల పట్టు ఇంకా తగ్గుతుంది.