వంటింటి ప్రశ్నలు: నిమ్మ బార్ల అడుగు ఎందుకు తడుస్తుంది?

క్రిస్మస్ విందు దగ్గరపడేసరికి నిమ్మ బార్ల మీద ఉత్తరాలు వరసగా వచ్చాయి. అడుగున గుల్ల బిస్కట్, దాని మీద పుల్లటి నిమ్మ పొర, పైన చల్లిన పంచదార పొడి. చూడ్డానికి ఇంతే. చెడేది మాత్రం రకరకాలుగా చెడుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా ఆడపడుచు పంపిన కొలతల్లో 'మూడు నిమ్మకాయల రసం' అని ఉంది. సరిగ్గా మూడే పిండాను. పైపొర వట్టి తీపి. అడుగేమో తడిసి ముద్దయింది. ఎక్కడ తప్పు జరిగింది? (కాకినాడ)

జవాబు: రెండు చోట్ల జరిగింది. మీ ఆడపడుచు వాడేది అక్కడి పెద్ద పసుపు లెమన్. ఒక్కో కాయకు 40 మిల్లీలీటర్ల దాకా రసం వస్తుంది. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి మన బజారుకొచ్చే పలచతొక్క నిమ్మ వేరే జాతి. కాయకు 15 నుంచి 20 మిల్లీలీటర్లు వస్తే గొప్ప. అక్కడ మూడు కాయలంటే 120, ఇక్కడ 50. ఇకమీదట కాయలు లెక్కపెట్టకండి, పిండిన రసం కొలవండి.

ఎనిమిది అంగుళాల చదరపు పాన్‌కు, అంటే 16 ముక్కలకు, కొలతలు ఇవి. అడుగుకు మైదా 150 గ్రాములు, చల్లటి వెన్న 110 గ్రాములు, పంచదార పొడి 45 గ్రాములు. బజారు వెన్నలో ఉప్పుంటే మళ్లీ వేయక్కర్లేదు. మూడూ వేళ్ల కొసలతో నలపండి. సున్నుండలకు నెయ్యి కలిపిన పిండిలా, పిడికిట్లో నొక్కితే నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. పొడిపొడిగా ఉందని నీళ్లు చిలకరించొద్దు. నీళ్లు తగిలితే మైదా సాగుతుంది, అడుగు గుల్లదనం పోయి గట్టిపడుతుంది. బటర్ పేపర్ పరిచిన పాన్‌లో గ్లాసు అడుగుతో సమంగా అదిమి, ముందే వేడెక్కిన ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 175 డిగ్రీల దగ్గర 20 నుంచి 22 నిమిషాలు ఉంచండి. అంచులు ఎర్రబడ్డాయి కదా అని అప్పుడే తీసేస్తే మధ్యలో పచ్చిగా ఉంటుంది, పోసిన రసమంతా అదే పీల్చుకుంటుంది. మీకు జరిగింది బహుశా ఇదే. నడిమధ్యన కూడా లేత బిస్కట్ రంగు వచ్చాకే తీయాలి.

పైపొరకు గుడ్లు 3 (పెంకు తీశాక 150 గ్రాములు ఉండాలి), పంచదార 240 గ్రాములు, మైదా 25 గ్రాములు, నిమ్మరసం 100 మిల్లీలీటర్లు, మూడు కాయల తొక్క తురుము. రసానికి ఆరేడు కాయలు పడతాయి. పిండకముందే తొక్క తురమాలి, పిండిన డిప్పను తురమడం ఎవరి వల్లా కాదు. మన కాయ తొక్క పలచన కనుక తురుముపీట మీద ఒకచోట ఒక్కసారే గీయండి. రెండోసారికి తెల్లపొర తగులుతుంది, చేదంతా అందులోనే ఉంది. తురుమును పంచదారలో వేసి వేళ్లతో రుద్దితే, తొక్కలోని నూనె దిగి పంచదార కాస్త చెమ్మగిల్లుతుంది, ఇల్లంతా వాసనేస్తుంది. ఈ పని మానేసిన బార్లకు పులుపుంటుంది కానీ నిమ్మ వాసన ఉండదు. తర్వాత మైదా, ఆపైన గుడ్లు, చివర్న రసం కలపండి. అడుగు ఓవెన్‌లోంచి బయటికి రాగానే ఆ వేడి మీదే పోసి, 160 డిగ్రీలకు తగ్గించి 20 నుంచి 24 నిమిషాలు పెట్టండి. పాన్ కదిపితే అంచులు కదలకూడదు, మధ్యలో అరచేయంత మేర వేడి జున్నులా వణకాలి. చల్లారేటప్పుడు అది కూడా బిగుస్తుంది.

ప్రశ్న: పైన తెల్లటి తెట్టు కట్టింది, పగుళ్లు వచ్చాయి. ఒక మూలనైతే బిస్కట్ పైకి తేలి, నిమ్మ పొర దాని కిందికి పోయింది! (హైదరాబాద్)

జవాబు: తెట్టు గాలి వల్ల వచ్చింది. ఎలక్ట్రిక్ బీటర్‌తో కొట్టారనుకుంటాం. నురగంతా పైకి చేరి అలాగే ఉడికిపోతుంది. ఫోర్కుతో మెల్లగా కలిపి, జల్లెడలో వడగట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. పగుళ్లు ఎక్కువసేపు ఉంచినందుకు. ఎక్కువ ఉడికిన జున్ను బెజ్జాలుపడి నీరొదిలినట్టే ఇదీను, గుడ్డు వాసన కూడా అప్పుడే మొదలవుతుంది. బిస్కట్ తేలడానికి కారణం పగులు. మూలల్లో పలచగా అదిమితే బీటలిస్తుంది, ఆ సందులోంచి పలచటి మిశ్రమం కిందికి దిగి అడుగును పైకి లేపుతుంది. అడుగు బేక్ చేసే ముందు చారెడు పిండి పక్కన పెట్టుకోండి, బీట కనిపిస్తే దానితో మెత్తి మిశ్రమం పోయండి.

ప్రశ్న: ఇంట్లో సగం మంది గుడ్డు ముట్టరు. గుడ్డు లేకుండా అవుతుందా? (గుంటూరు)

జవాబు: బాగా అవుతుంది, రుచి మాత్రం వేరు. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో, గుడ్డలో వేలాడగట్టి నీరంతా దించిన పెరుగు 150 గ్రాములు గిలకొట్టి, 100 మిల్లీలీటర్ల నిమ్మరసం, తొక్క తురుము కలపండి. పంచదార వేయొద్దు, డబ్బాలోదే ఎక్కువ. కళ్లముందే చిక్కబడుతుంది. మామూలు పాలల్లో నిమ్మరసం పిండితే విరిగి నీరు వేరవుతుంది. ఇక్కడ పాలు అంత చిక్కగా, అంత తీపిగా ఉన్నందున విరగకుండా మీగడలా గడ్డకడతాయి. ఫ్లోరిడా వాళ్ల నిమ్మ తీపివంటకం 'కీ లైమ్ పై' చిక్కబడేదీ ఇలాగే. పైగా అందులో వాడే కాయ, మన బజారు నిమ్మకాయ ఒకే జాతివి. వేగిన అడుగు మీద పోసి 160 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితేనే ముక్క తెగుతుంది, రెండు గంటలకే కత్తి పెట్టకండి.

ప్రశ్న: తోటలో బత్తాయిలు విరగకాశాయి. నిమ్మ బదులు అవి వేయొచ్చా? (నల్లగొండ)

జవాబు: వట్టి బత్తాయితో వద్దు. అందులో పులుపు బొత్తిగా తక్కువ, అంత పంచదారకు అది ఆనదు. మరిగించి చిక్కబరుద్దామంటే చేదెక్కుతుంది. 40 మిల్లీలీటర్ల బత్తాయి రసం, 60 మిల్లీలీటర్ల నిమ్మరసం కలిపి, పంచదార 200 గ్రాములకు తగ్గించండి. రసం అప్పటికప్పుడు పిండిందే కావాలి. దబ్బకాయ దొరికితే దాని తొక్క తురుము ఒక చెంచా చాలు, ఆ వాసన ముందు నిమ్మ దిగదుడుపే.

ప్రశ్న: అరవై మంది వచ్చే పాట్‌లక్‌కు తీసుకెళ్లాలి. అల్యూమినియం ట్రేలో నేరుగా చేయొచ్చా? పైన చల్లిన పంచదార పొడి ప్రతిసారీ కరిగిపోతోంది. (డాలస్)

జవాబు: నేరుగా వద్దు. పులుపు అల్యూమినియానికి తగిలితే లోహపు రుచి దిగుతుంది. అంచుల పైదాకా వచ్చేలా పార్చ్‌మెంట్ పేపర్ పరిచి చేయండి, బార్ మొత్తాన్ని ఆ పేపర్ పట్టుకునే ఎత్తి కోసుకోవచ్చు. 9×13 అంగుళాల ట్రేకి పై కొలతలన్నీ రెట్టింపు. పొడుగున ఎనిమిది, అడ్డంగా నాలుగు కోస్తే 32 ముక్కలు, రెండు ట్రేలు మీకు సరిపోతాయి. అక్కడి లెమన్లయితే ట్రేకి అయిదారు చాలు. రెండు ట్రేల మిశ్రమం ఒకేసారి కలిపి ఉంచకండి, పులుపులో నానితే గుడ్డు గడ్డకట్టడం మొదలెడుతుంది. రెండో అడుగు వేగాక రెండోది కలపండి.

ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉన్నప్పుడే కోయండి. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక గీత. మళ్లీ ముంచి, తుడిచి, ఇంకో గీత. బద్ధకించి తుడవకపోతే మూడో ముక్కకే అంచులు పూసుకుపోతాయి. పంచదార పొడి పైపొర చెమ్మకు కరుగుతుంది, దానికి మందు లేదు. పొడి, చిన్న జల్లెడ విడిగా పట్టుకెళ్లి, వడ్డించే ముందు పైన చల్లండి. గుడ్డు వేసినవి కనుక బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచొద్దు. మిగిలినవి ఫ్రిజ్‌లో మూడు రోజులుంటాయి, కాకపోతే మూడో రోజుకు అడుగు కాస్త మెత్తబడుతుంది.