దొరికాక చేతికి ఏం కావాలి?

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జాబితాను వెతకడానికి ఫైండ్ (find) వాడాలా, మెంబర్ (member) వాడాలా అని అడిగావు. ఒక్క పనికి ఇన్ని ఫంక్షన్లు ఎందుకని విసుక్కున్నావు కూడా. విసుగు న్యాయమే. వెతకడంలో అన్నీ ఒకటే. దొరికాక నీ చేతిలో ఏం పెడతాయన్న దగ్గరే తేడా.

3, 7, 9 ఉన్న జాబితాలో 7 కోసం వెతికావనుకో. ఫైండ్ ఆ 7నే తెచ్చి ఇస్తుంది. మెంబర్ 7 నుంచి చివరిదాకా ఉన్న జాబితాను ఇస్తుంది. పొజిషన్ (position) అనే మూడోది ఎన్నో స్థానమో చెబుతుంది: 1 అంటుంది, లెక్క సున్నా నుంచి కదా. దొరకకపోతే మూడింటిదీ ఒకటే మాట: నిల్ (nil). లిస్ప్‌లో ‘లేదు’ అన్నా, ఖాళీ జాబితా అన్నా ఇదే.

చిక్కంతా ఆ నిల్‌తోనే. ఒకప్పుడు ప్రశ్నావళికి వచ్చిన జవాబులను సరిచూసే ప్రోగ్రాం రాశాను. జవాబు లేని చోట నిల్ పెట్టి, ఖాళీలున్నాయేమో చూడమని ఫైండ్‌తో నిల్‌ను వెతికించాను. లేవంది. ఏ జాబితా ఇచ్చినా లేవనే అంది. రెండు రోజులు డేటాను తిట్టుకున్నాక వెలిగింది: ఫైండ్‌కు నిల్ దొరికింది, దొరికినదాన్నే తెచ్చి ఇచ్చింది, నేను దాన్ని ‘లేదు’ అని చదువుకున్నాను! మెంబర్ అయితే నిల్‌తో మొదలయ్యే జాబితాను ఇచ్చేది, అది ఖాళీ జాబితా కాదు. అందుకే ఉందా లేదా అన్నదే ప్రశ్న అయితే మెంబర్ వాడు. అయితే అది జాబితాలకే పరిమితం. వెక్టర్లలో (ఒక రకం వరుసలు), స్ట్రింగుల్లో (అక్షరాల వరుసలు) కూడా ఫైండ్, పొజిషన్ పనిచేస్తాయి.

7ను అడిగి 7నే తెచ్చుకోవడం దేనికి అంటావేమో. ఫైండ్ విలువ తెలిసేది కీ ఇచ్చినప్పుడు, అంటే ఒక్కోదానిలో ఏ భాగాన్ని పోల్చాలో చెప్పినప్పుడు. రికార్డుల జాబితాలో నంబరు కీగా ఇచ్చి 42ను వెతికితే, వచ్చేది 42 కాదు, ఆ నంబరున్న మొత్తం రికార్డు.

స్ట్రింగులను వెతికేటప్పుడు మాత్రం టెస్ట్‌గా, అంటే పోల్చే ఫంక్షన్‌గా, ఈక్వల్ (equal) ఇవ్వడం మరచిపోకు. ఏమీ చెప్పకపోతే ఇవన్నీ ఈక్యూఎల్ (eql) అనే మరో ఫంక్షన్‌తో పోలుస్తాయి. ఒకే అక్షరాలున్నా రెండు వేరు వేరు స్ట్రింగులు దానికి ఒకటి కావు. అంకెల్లోనూ అది పట్టుదల మనిషే: 7, 7.0 వేరంటుంది.

ఒకే పెద్ద జాబితాను పదేపదే వెతకాల్సి వస్తే వీటన్నిటినీ పక్కన పెట్టి హ్యాష్ టేబుల్ కట్టుకో, అది ఒక్కొక్కటీ చూడకుండా కావాల్సినదాన్ని నేరుగా అందుకునే పట్టిక. ఇవి ప్రతిసారీ మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయేవే.

ఇట్లు,
నీ మామయ్య