ఆదివారాలు గుర్రాల దగ్గరికి వెళ్లే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ. ఫారిన్ అడ్మిషన్‌కి ప్రొఫైల్ బాగుంటుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబితే, దివ్యాంగ పిల్లల చేత గుర్రపు స్వారీ చేయించే చోట వాలంటీరుగా చేర్చాం. ఏడు నెలలైంది. పాపం ఆ పిల్లలకు సేవ చేస్తోందని ఊరుకున్నాం. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, ఈ పనే చేస్తానంటోంది. హార్స్ థెరపీలో ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉందని, లక్షన్నర అవుతుందని అదే కన్సల్టెన్సీ అంటోంది. అది మంచిదా, ఫిజియోథెరపీనా, దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ బీఈడీనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే గానీ, నిద్ర పట్టనివ్వనిది వేరే భయం. పిల్ల సేవ అంటూ జీతం రాని దారిలో పడిపోతుందేమో అని. అంధుల బడిలో వాలంటీర్లుగా చదివి వినిపించే పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు.

మీ అమ్మాయి అక్కడ ఏం చేస్తుందో ఒక్కసారైనా చూశారా? ఉత్తరంలో ఆ ముక్కే లేదు. అలాంటి చోటికి నేను వెళ్లాను. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే స్థితి) ఉన్న బాబు, ఎనిమిదేళ్లుంటాయేమో. ర్యాంపు మీంచి గుర్రం ఎక్కించారు. ఒకరు గుర్రాన్ని నడిపిస్తుంటే, అటొకరు ఇటొకరు వాలంటీర్లు బాబు తొడ మీద చెయ్యి వేసి ఇసుకలో నడుస్తున్నారు. గుర్రం ఒళ్లు మనకన్నా కాస్త వెచ్చన, దాదాపు 38 డిగ్రీలు. ఆ వెచ్చదనానికీ, నడక ఊపుకీ, కత్తెరలా బిగుసుకున్న కాళ్లు మెల్లగా వదులయ్యాయి. గుర్రం అడుగు వేస్తుంటే మీద కూర్చున్నవాళ్ల నడుము అచ్చం మనం నడిచేటప్పుడు కదిలినట్టే కదులుతుంది. కాసేపటికి ఎడమవైపు అమ్మాయికి చెయ్యి లాగింది. చెప్పింది. గుర్రాన్ని ఆపారు. ఇద్దరూ ఒకేసారి వదలకుండా, ఒకరి తర్వాత ఒకరు పక్కలు మారారు. ఒక్క క్షణం కూడా ఆ బాబుకి ఆసరా తప్పలేదు. పదిహేడేళ్ల పిల్లకు ఆ శ్రద్ధ అబ్బిందంటే మీరు సంతోషించాలి.

'పాపం' అని రాశారు, ఆ మాట నాకు నచ్చలేదు. ఆ బాబుకి స్వారీ అంటే సరదా, అందుకే వస్తాడు. పోలియోతో మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలోనే రజత పతకం గెలిచింది. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ప్రొఫైల్ కోసమని పంపడం మీ తప్పే. సేవ చేసినట్టు లెటర్ కోసం వచ్చే పిల్లలు రెండు నెలల్లో మానేస్తారు. ఒక చేతికి అలవాటుపడిన బాబు మళ్లీ కొత్త చేతికి అలవాటు పడాలి. మీ అప్లికేషన్‌లో ఒక లైను కోసం ఆ బాబు ఇంత కష్టపడాలా? మీ అమ్మాయి ఏడు నెలలు నిలిచింది. ఆ విషయంలో మీకన్నా తనే పెద్దరికం చూపింది.

ఇక ఆ లక్షన్నర సర్టిఫికెట్. వద్దు. హార్స్ థెరపిస్ట్ అని మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. స్పెషల్ టీచర్లకు 1992 చట్టంతో వచ్చిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే చికిత్స) అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టం కిందికి వస్తాయి. చికిత్స చేసేది ఆ చదువు చదివినవాళ్లు, గుర్రం వాళ్ల చేతిలో ఒక సాధనం. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లలకు మెడ పైభాగంలో కీలు వదులుగా ఉంటుంది. వాళ్లను ఎక్కించవచ్చో లేదో డాక్టరు చూసి చెప్పాలి. ఆ సంగతి వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ల చేతిలో పెట్టగలమా? ఈ మధ్య ఇలాంటి సర్టిఫికెట్లు పట్టుకుని ఉద్యోగం కోసం నా దగ్గరికి వస్తున్నారు. చూస్తే బాధేస్తుంది.

మిగతా రెండింటిలో తేల్చుకోవాల్సింది మీ అమ్మాయే. బిగుసుకున్న కాళ్లు ఎలా వదులయ్యాయన్న దాని మీద ఆసక్తి ఉంటే ఫిజియో. క్లాసులో కూర్చోబెట్టి నేర్పడం ఇష్టమైతే ముందు డిగ్రీ, తర్వాత స్పెషల్ బీఈడీ. ఎలాగూ బయాలజీ ఉంది కాబట్టి నా మొగ్గు ఫిజియో వైపు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలంత రాదు, అది నిజం. కానీ పని దొరకదన్న భయం పెట్టుకోకండి. పక్షవాతం వచ్చినవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, ఆటగాళ్లు అందరూ ఫిజియో దగ్గరికి వచ్చేవాళ్లే. గుర్రాలు ఆదివారం ఎలాగూ ఉంటాయి.

సెలవుల్లో చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న బహుళ వైకల్యాల జాతీయ సంస్థకు తీసుకెళ్లండి. అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడనివ్వండి. పీయూ పరీక్షలయ్యే దాకా రెండు వారాలకోసారి వెళ్తే చాలని చెప్పండి, పూర్తిగా మాన్పించొద్దు. వచ్చే ఆదివారం మీరు కూడా తనతో వెళ్లండి. బూట్లు వేసుకోండి, చెప్పులతో గుర్రాల దగ్గరికి రానివ్వరు.