మట్టి పాఠానికి రెండు నమూనాలు చాలు

ల్యాబ్ లేదు, పీరియడ్ నలభై నిమిషాలే, పిల్లలు ఏడో తరగతి. మట్టి గురించి బోర్ కొట్టకుండా చేత్తో చేయించే పనులు ఏమున్నాయని అడిగారు. ఈ వయసు పిల్లలకు చాలాకాలంగా సైన్స్ చెబుతున్నాను కాబట్టి, నా క్లాసులో పనిచేసినవి రాస్తున్నాను.

యాక్టివిటీలకు కొదవ లేదు. వెతికితే పాతిక దొరుకుతాయి. కానీ ఒకరోజు సీసాలో మట్టి కలిపి, ఇంకోరోజు వానపాముల్ని చూపించి, మరోరోజు వెనిగర్ పోయిస్తే పిల్లలకు సరదాగా ఉంటుందే తప్ప దేనికి దేనితో సంబంధమో తెలియదు. అందుకే నేను పాఠం మొత్తానికీ రెండే రెండు నమూనాలు వాడతాను. ఒకటి, అందరూ తొక్కి తొక్కి గట్టిపడిన కాలిబాట మీది మట్టి. రెండోది, అక్కడికి నాలుగడుగుల దూరంలో చెట్టు కింద ఆకులు రాలి కుళ్లిన చోటుది. ఏ ప్రయోగమైనా ఈ రెండింటి మీదే చేస్తాం. ఇకపై బాట మట్టి, చెట్టు మట్టి అంటాను.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేదాన్ని మొదటి రోజే మొదలుపెట్టండి. పాత నూలు గుడ్డను ఒకే సైజు ముక్కలుగా కోసి, రెండు చోట్లా అరచేతి లోతున పాతి, గుర్తుకు పుల్ల గుచ్చండి. పూర్తి నూలు గుడ్డే కావాలి, పాలిస్టర్ కలిస్తే ఆ దారాలు అలాగే మిగిలిపోతాయి. నూలంటే దాదాపు అంతా సెల్యులోజ్, మట్టిలోని బాక్టీరియా, బూజులకు అదే ఆహారం. రెండు నెలల తర్వాత తవ్వి చూస్తే ఎక్కడ ఎంత మిగిలిందో దాన్నిబట్టి అక్కడ సూక్ష్మజీవులు ఎంత చురుగ్గా ఉన్నాయో తెలుస్తుంది. నేల మరీ ఎండిపోతే ఏమీ జరగదు, మధ్యమధ్యలో రెండు చోట్లా సమానంగా నీళ్లు చల్లించండి.

తర్వాత చేత్తో పట్టి చూడటం. గుప్పెడు మట్టిని తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా బయటికి తోయాలి. తెగకుండా 5 సెంటీమీటర్లు దాటితే బంకమట్టి పాలు బాగా ఎక్కువ. 2.5 లోపే తెగితే తక్కువ. అసలు ముద్దే కట్టకపోతే ఇసుక. ఎవరి రిబ్బన్ పొడవుగా వస్తుందో పోటీ పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. అయ్యాక ప్రతి గ్రూపూ తమ మట్టిలో ఇసుక, ఒండ్రు (ఇసుకకన్నా సన్నగా, బంకకన్నా ముతకగా ఉండే మట్టి), బంకమట్టి ఎంతెంత ఉంటాయో ఊహించి రాసిపెట్టాలి. సీసా ప్రయోగానికి ముందు ఈ ఊహ రాయించడం మాత్రం మానొద్దు.

సీసా ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. నిటారు గోడలున్న పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి, దాదాపు నిండా నీళ్లు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మూత బిగించి కొన్ని నిమిషాలు బాగా కుదపాలి. మట్టిని ముందే ఎండబెట్టి, గడ్డలు చిదిపి, రాళ్లూ ఆకులూ ఏరేయాలి. లిక్విడ్ ఎందుకంటే, అది లేకపోతే బంక రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఒండ్రుతో పాటే దిగిపోతాయి. సీసా పక్కన నిలువుగా టేపు అంటించి, ఒక నిమిషానికి దిగినదాన్ని ఇసుకగా, రెండు గంటలకు దిగినదాన్ని ఒండ్రుగా గీతలు పెట్టించండి. బంకమట్టి దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. రెండు గంటల గీత కోసం ఒకరికి డ్యూటీ వేయండి, లేకపోతే వేరే పీరియడ్లో అందరూ మరిచిపోతారు.

ఇంత తేడా ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఇసుక రేణువు 2 నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, బంక రేణువు 0.002 కన్నా చిన్నది. నీటిలో సన్నటి రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్నిబట్టి ఉంటుందని 1851లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ లెక్కగట్టాడు. అంటే సైజు పదో వంతైతే వేగం వందో వంతవుతుంది. లెక్కల టీచర్ ఖాళీగా ఉంటే ఆ పీరియడ్‌కు రమ్మనండి. పొరల ఎత్తులు కొలిచి శాతాలు కట్టాక, ఇసుక, ఒండ్రు, బంక శాతాలనుబట్టి 12 రకాల నేలలు చూపించే త్రికోణ పటంలో తమ మట్టి ఎక్కడ పడుతుందో వెతకమనండి. ఇది అంచనా మాత్రమే అని చెప్పండి. బంక పొర వదులుగా దిగుతుంది కాబట్టి అసలున్నదానికన్నా కాస్త ఎక్కువ కనిపిస్తుంది.

పిల్లలు తికమకపడేది సరిగ్గా ఇక్కడే, నాకు కావలసిందీ అదే. పక్కపక్క నేలలు కాబట్టి రెండు సీసాల్లో పొరలు దాదాపు ఒకేలా వస్తాయి. చెట్టు మట్టి సీసాలో పైన కాస్త చెత్త తేలుతుంది, అంతే. "రెండూ ఒకటే అయితే అక్కడ గడ్డి మొలుస్తోంది, ఇక్కడెందుకు మొలవట్లేదు టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్పకండి. మర్నాడు పెళ్లల ప్రయోగం చేయించండి.

రెండు చోట్ల నుంచీ గోళీకాయంత పెళ్లలు చిదమకుండా తెచ్చి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి పెళ్లలతో తేడా సరిగ్గా కనిపించదు. రెండు గాజు గ్లాసుల్లో నిండా నీళ్లు పోసి, ఒక్కోదాని అంచుకు చిన్న జాలీ వేలాడదీసి, రెండు పెళ్లల్నీ ఒకేసారి దించండి. బాట మట్టి పెళ్ల నుంచి బుడగలు వస్తాయి. అంచులు రాలడం మొదలవుతుంది, జాలీ సందుల్లోంచి గోధుమరంగు ధారలు కిందికి దిగుతాయి, చూస్తుండగానే పెళ్ల కాస్తా బురదై గ్లాసు అడుగున చేరుతుంది. చెట్టు మట్టి పెళ్ల మాత్రం అలాగే కూర్చుంటుంది. నీళ్లు తేటగా ఉంటాయి. దగ్గరగా చూస్తే పెళ్ల నుంచి వెంట్రుకల్లాంటి సన్నటి వేర్లు బయటికి వచ్చి ఊగుతుంటాయి. ఈ ఐదు నిమిషాలూ క్లాసులో చప్పుడుండదు. అల్లరి పిల్లలు ముందు వరుసలోకి వచ్చేస్తారు.

అప్పుడు చెప్పండి. నీళ్లు పొడి పెళ్లలోకి దూసుకెళ్లేసరికి లోపలున్న గాలి ఇరుక్కుని, ఒత్తిడి పెరిగి, గట్టి పట్టు లేని పెళ్లను పగలగొడుతుంది. చెట్టు మట్టిలో బూజు తీగలు, వేర్లు, సూక్ష్మజీవులు వదిలే జిగురు రేణువుల్ని పట్టి ఉంచుతాయి. రేణువులు ఎంతెంత ఉన్నాయన్నది ఒక విషయం, అవి ఎలా అతుక్కుని ఉన్నాయన్నది ఇంకో విషయం. ఈ తేడా నిర్వచనాలు బట్టీపట్టిస్తే రాదు, ఆ గ్లాసులు చూశాక మళ్లీ చెప్పనక్కర్లేదు.

దీని వెంటనే బయటికి తీసుకెళ్లి నీళ్లు ఇంకించి చూడండి. రెండు వైపులా మూతలు తీసేసిన వెడల్పాటి డబ్బా ఒకటి చాలు. అంచులు చేతులు కోస్తాయి, కాబట్టి పని మొదలుపెట్టేముందు మీరే టేపు చుట్టండి. డబ్బాను నేలలోకి కొంత దిగేలా కొట్టి, లోపల పల్చటి కవరు పరిచి, నీళ్లు పోసి, కవరు మెల్లిగా లాగేసి టైము చూడాలి. డబ్బా వ్యాసం 15 సెంటీమీటర్లయితే 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 2.5 సెంటీమీటర్ల వాన పడినట్టు. బాట మీద పీరియడ్ అయిపోయినా నీళ్లు అలాగే నిలబడి ఉండొచ్చు. ఉండనివ్వండి, అదీ ఫలితమే.

మట్టిలోని ప్రాణులను బయటికి రప్పించడానికి సీసా పైభాగం కోసి గరాటులా తిరగేసి, జాలీ పెట్టి, ఆకులతో కలిసిన మట్టి నింపి, పైన బల్బు వెలిగిస్తే చాలు. వేడికీ పొడితనానికీ భయపడి చిన్న పురుగులు కిందికి దిగి, అడుగున పెట్టిన తడి కాగితం మీద పడతాయి. ఇలాంటి గరాటును, బల్బు బదులు వేడినీళ్లతో, 1905లో ఇటలీ కీటక శాస్త్రవేత్త బెర్లేసే వాడాడు. ఎల్ఈడీ బల్బు వేడెక్కదు కాబట్టి పెద్దగా పనిచేయదు, పాత ఫిలమెంట్ బల్బు కావాలి. మీరు లేనప్పుడు దాన్ని వెలిగించి ఉంచొద్దు. బల్బు దొరక్కపోయినా పర్లేదు, మట్టి మెల్లగా ఆరేకొద్దీ అవి వాటంతటవే దిగుతాయి, కాకపోతే కొన్ని రోజులు ఆగాలి. భూతద్దంలో మైట్లు (ఎనిమిది కాళ్ల బుల్లి పురుగులు), ఎగిరి దూకే స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న పురుగులు కనిపిస్తే ఆ రోజు ఇంకో పాఠం జరగదు. చూసిన పురుగుల్ని తెచ్చిన చోటే వదిలించండి.

పీహెచ్ కోసం, అంటే మట్టి ఆమ్లమో క్షారమో తెలుసుకోవడానికి, పెద్ద హడావుడి అక్కర్లేదు. మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరుకున్నాక పైనీటిలో పీహెచ్ కాగితం స్ట్రిప్ ముంచితే చాలు. పసుపు కాగితం క్షారాన్నే చూపిస్తుంది, ఆమ్లమో తటస్థమో తేల్చదు. వెనిగర్ పోస్తే పొంగితే మట్టిలో సున్నపు కార్బొనేట్ ఉన్నట్టు. వంటసోడా వేస్తే ఆమ్ల నేల పొంగుతుందని రాసేవాళ్లున్నారు గానీ, నేల మరీ పుల్లగా ఉంటే తప్ప ఏమీ కనిపించదు. నేను దాన్ని చేయించడం మానేశాను.

పెద్ద క్లాసులైతే ఇంకొకటి చేయొచ్చు. మిథిలిన్ బ్లూ అనే నీలం రంగు, ఇయోసిన్ అనే ఎర్ర రంగు నీళ్లలో కలిపితే ఊదారంగు వస్తుంది. ఆ నీళ్లను ఇసుక కలిపిన బంకమట్టి గుండా పోస్తే కింద ఎర్రగా దిగుతాయి. నీలం రంగు అణువుకు ధనావేశం, బంక రేణువుకు రుణావేశం, అందుకే మట్టి దాన్ని పట్టేసుకుంటుంది. ఎరువుల్లోని ధనావేశమున్న అమ్మోనియం మట్టిలో నిలిచి, రుణావేశమున్న నైట్రేట్ వానకు కొట్టుకుపోవడం వెనకున్నదీ ఇదే. బట్టలకు అంటితే మరకలు పోవు కాబట్టి రంగులు పోసే పని మీరే చూసుకోండి.

చేతికి గాయాలున్నవాళ్లకు గ్లవ్స్ ఇవ్వండి, చివర్లో అందరూ సబ్బుతో కడుక్కోవాలి. గాజు గ్లాసులు పట్టుకోవడం కంగారనిపిస్తే పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పులు వాడండి.

మార్కుల కోసం నేను ప్రశ్నపత్రం ఇవ్వను. ఎక్కడ నుంచి తెచ్చానో చెప్పకుండా మూడో మట్టి ఒకటి ఇస్తాను, పెళ్లలతో సహా. అది జనం తిరిగే చోటుదా, చెట్ల కిందిదా, ఈమధ్యే తవ్విందా? గ్రూపు ఏ ప్రయోగం ఎంచుకుంటుందో, ఎందుకు ఎంచుకుంటుందో రాయాలి. జవాబు తప్పైనా కారణం సరిగ్గా రాస్తే పూర్తి మార్కులు వేస్తాను.